బాతు కథకు నంబర్లు లేవు

మా వదిన రెండో తరగతి టీచరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అన్నయ్యకు ఆ సంగతి పెళ్లయిన వారానికే తెలిసింది, బడివాళ్లకు కాస్త ఆలస్యమైంది.

ఈ ఏడు ఆవిడ పట్టుకున్నది ఒక బొమ్మల పుస్తకం. చెరువు ఎండిపోయిందని తల్లిబాతు పిల్లల్ని తీసుకుని బయల్దేరుతుంది, దారిలో వాన పడితే తిరిగొస్తుంది, అంతే కథ. లెక్కలూ, సైన్సూ, భాషా అన్నీ అందులోంచే చెప్పింది. బాతుపిల్లలతో కూడికలు చేయించింది. నీళ్లు ఎటు పోతాయో చూడమని కిటికీలో పళ్లెం పెట్టించింది. బాతు నడిచిన దారిని నేలమీద సుద్దతో గీయించింది. ఉన్నది ఒక్కటే పుస్తకం కాబట్టి కుట్టు విప్పి, పేజీలు అట్టలకు అంటించి బల్లకొకటి పంచింది. అడుగున ఉన్న నంబర్లు కత్తిరించే పని నాది. "నంబరుంటే నంబరే చూస్తారు, బొమ్మ చూడరు" అంది. ఆడపడుచునన్న మర్యాదైనా లేకుండా ఆదివారమంతా నాచేత కత్తెర పట్టించింది.

ఆ తరగతిలో ఒక పిల్ల చేరిన నాటినుంచీ పెదవి విప్పలేదు. పిల్లలు మూగనోము అని పేరు పెట్టారు. పలకమీద లెక్క తప్పు లేకుండా చేస్తుంది, నోటితో చెప్పమంటే మాత్రం ఊహూ.

"శుక్రవారం నేనే వచ్చి చూస్తానమ్మా" అన్నారు హెడ్మాస్టరు. "అప్పటికీ మాట్లాడకపోతే ఒకటో తరగతికి పంపేద్దాం."

"మాట్లాడుతుందండీ."

"మాట్లాడకపోతే?"

"మాట్లాడుతుందండీ."

ఇంటికొచ్చాక అడిగాను. "ఏం చూసుకుని వదినా అంత ధీమా?"

"ధీమానా నా మొహమా! భయంగానే ఉంది. కానీ చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే అది ఇక జన్మలో నోరు తెరవదు. నేను పంపను." నాకు జాలేసింది, ఆ పిల్లమీదా ఈవిడమీదా కూడా.

శుక్రవారం బొమ్మల అట్టలు వేలాడదీయడానికి తాడు కట్టాలంటే నేనూ వెళ్లాను. హెడ్మాస్టరు వెనక బల్లమీద కూర్చున్నారు. వదిన ఆ పిల్లను కథ చెప్పమని ఒకసారి అడిగింది, మళ్లీ అడిగింది. పిల్ల తల దించుకుంది. వదిన బల్లలమీది అట్టలు గబగబా పోగుచేసింది. కథ చెబుతూ అట్టలు ఒక్కొక్కటే తాడుకు తగిలించింది. ఎండిన చెరువు, నడక, నిండిన చెరువు... హెడ్మాస్టరు తలూపుతున్నారు. నేనూ ఏమీ కనిపెట్టలేదు.

"అలా కాదు టీచర్!"

మూగనోము లేచి ముందుకొచ్చింది. మునివేళ్లమీద నిలబడి నిండిన చెరువు అట్ట లాగేసింది. "వాన పడకుండానే చెరువెలా నిండుతుంది? నీళ్లెక్కడివి? ముందు వాన పెట్టాలి. మీరు చూసుకోరా?"

"చూసుకోలేదమ్మా, తప్పైపోయింది. తర్వాతవి నువ్వే చెప్పు" అంది వదిన. మిగిలిన అట్టలు దాని చేతిలో పెట్టింది.

పిల్ల చెప్పింది. చివరిదాకా చెప్పి, అడ్డొచ్చిన పక్కబల్ల పిల్లాణ్ని కసిరింది కూడా. హెడ్మాస్టరు లేచారు. "ఇక్కడే ఉండనివ్వండమ్మా" అని వెళ్లిపోయారు.

దారిలో పట్టుకున్నాను. "నిజం చెప్పు వదినా, కావాలనే తప్పు పెట్టావు కదూ?"

"అంత తెలివే ఉంటే," అంది కళ్లు తుడుచుకుంటూ, "మొదటిరోజే పెట్టేదాన్ని కాదూ!"