అట్టు మందం సందు

ఫుజైరాలో నేను వంట చేసే ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో బాబా వాళ్ళన్నయ్య కారు ఉండేది. బాబా అంటే ఆ ఇంటి పెద్దాయన. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం ఇంటాయన్ని బాబా అని, ఇంటావిణ్ణి మామా అని పిలుస్తాం. ఆయనకి డెబ్బై దాటాయి, పోర్టులో ఉద్యోగం చేసి దిగిపోయాడు. కారేమో పాత అమెరికా కారు. రెండే తలుపులు, ముదురాకుపచ్చ రంగు, మంచం వేసుకుని పడుకోవచ్చు అన్నంత పొడుగు బానెట్టు. దాన్ని స్టార్టు చేస్తే వంటింట్లో నా స్టీలు గిన్నెలు మోగేవి. నలుగురు కూర్చునే బండికి ఇంత ఇంజను ఎందుకని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నా బుద్ధే అంత, అర్థం కానిదాని మీద ముందు కోపమొస్తుంది.

షెడ్డులో ఒక మూల రెండు చక్రాలు దుప్పటి కప్పుకుని ఉండేవి. వెనకవైపు వెయ్యడానికని వాళ్ళన్నయ్య ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట కొన్న వెడల్పాటి చక్రాలవి. ఆ ముప్పై ఏళ్ళూ అన్నదమ్ములిద్దరికీ వాటి మీదే తగువు. కారుని కొయ్యకుండానే అవి పట్టేస్తాయని అన్న, కొయ్యకపోతే పట్టవని తమ్ముడు. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఈ మాట లేచేది, ఇద్దరూ గొంతులు పెంచుకునేవారు, టీ వచ్చేసరికి చల్లబడేవారు. మామా ఈ సంగతి నాకు వందసార్లు చెప్పింది. కరోనా వచ్చిన మొదటి ఏడు ఆ అన్నయ్య పోయాడు, కారు బాబాకొచ్చింది, శుక్రవారాలు నిశ్శబ్దమైపోయాయి.

మరుసటి ఏడు చలి మొదలయ్యాక బాబా దుప్పటి తీశాడు. మా డ్రైవరు వాటిని తీసుకెళ్ళి కొత్త టైర్లు వేయించుకొచ్చాడు. అవి షెడ్డు ముందు దించగానే నేను వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. వేళ్ళన్నీ చాపినా నా జాన చాలలేదు. ఒక్క టైరు అంత వెడల్పుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. పక్కన కారు పాత చక్రం పీలగా, జ్వరమొచ్చి లేచినట్టు కనిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ రబ్బరు వాసన పీలుస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను, పొయ్యి మీద పప్పు అడుగంటింది.

సమస్య ఏంటంటే, చక్రానికి లోపలివైపు బండి బరువు మోసే కమాను పట్టీలు, బయటివైపు మడ్‌గార్డు అంచు. ఆ రెంటి మధ్యనే ఈ వెడల్పంతా సర్దుకోవాలి. మడ్‌గార్డు అంచు లోపలికి చీర అంచులా మడిచి ఉంటుంది. ఆ మడత టైరుకి అడ్డం. మెకానిక్కు ఒకడు వచ్చి చూసి, "మడత కోసేద్దాం, ఖలాస్" అన్నాడు. బాబా టీ ఇచ్చి పంపేశాడు.

"కొయ్యాలని మీరేగా ఇన్నాళ్ళూ అన్నారు?" అని అడిగాను. మేం మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలో. నాకు నోరు ఆగదు, ఆయన ఏమీ అనుకోడు.

ఆయన చక్రం మీద చెయ్యి వేశాడు.

"అన్నాను. ఇప్పుడు కోస్తే నేను చెప్పిందే రైటవుతుంది బింతీ. అలా రైటయ్యి నేనేం చేసుకోను?" అన్నాడు.

బింతీ అంటే అమ్మాయీ అని. నాకు నలభై ఆరేళ్ళు, అయినా అలాగే పిలిచేవాడు. తను ఓడిపోవాలని ఇంత ఆశగా ఎదురుచూసే మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు. మా ఇళ్ళల్లో అయితే తగువు గెలవడానికి చచ్చినవాళ్ళని కూడా వదలం.

వాళ్ళన్నయ్య చెప్పిన పద్ధతి బాబాకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రంగు పగలకుండా వేడి చేస్తూ, గుండ్రటి కర్రని పాత టైరుకీ ఆ మడతకీ మధ్య పెట్టి, కారుని మెల్లిగా తొయ్యాలి. టైరుతోపాటు కర్ర దొర్లి, మడతని పైకి నొక్కి అణిచేస్తుంది. కొయ్యడం ఉండదు. అంతవరకూ బాగానే ఉంది, అంత గట్టి కర్ర ఎక్కడిది? రంజాన్‌కి గోధుమలూ మాంసం కలిపి ఉడికించి హరీస్ మెదిపే మామా కర్ర ఉంది, నా ముంజేయంత లావు. మామా చాలాసేపు బిగదీసుకుంది. చివరికి, మూడుసార్లు కడగాలని, తన చెల్లెళ్ళకి ఎవరూ చెప్పకూడదని మాట తీసుకుని ఇచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను కూడా తనే తెచ్చింది.

బాబా స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. డ్రైవరు ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి తోస్తున్నాడు. నేను వెనక చక్రం పక్కన కూర్చుని ఒక చేత్తో మిషను, ఇంకో చేత్తో కర్ర పట్టుకున్నాను. డ్రైవరు జగిత్యాల తమ్ముడు, పనికన్నా మాటలు ఎక్కువ.

"అక్కా, గీ వయసుల బాబాకు గిదేం పిచ్చి? గా మెకానిక్ కోస్త అన్నడు, కోయనిస్తే అయిపోతుండె గదా."

"నువ్వు నోరు మూసుకుని తొయ్యి తమ్ముడూ. జోరుగా తోశావంటే నా వేళ్ళు పోతాయి."

జానెడు ముందుకి, జానెడు వెనక్కి. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం నమాజు వేళకి రెండు వైపులా అయింది. ఇనుము చప్పుడు లేకుండా పైకి లేచి, లోపలికి ఆనుకుపోయింది. అంగుళం అంగుళం వేలితో తడిమి చూశాను, రంగు ఎక్కడా పగల్లేదు. యాభై ఏళ్ళ కిందటి రేకు, వంటింటి కర్రకీ, వేడి గాలికీ లొంగింది. నా చేతుల్లోనే జరిగింది, అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు.

కొత్త చక్రాలు బిగించారు. కారు ఖాళీగా ఉన్నప్పుడు సందు బాగానే కనిపించింది. కానీ మనుషులెక్కి, హంప్ మీద కుదుపు వస్తే కారు కిందికి దిగుతుంది, అప్పుడు టైరు తగులుతుందా లేదా? లోపల దూరి చూసేదెవరు? బాబా టార్చిలైటు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాకు బిర్యానీ గిన్నె గుర్తొచ్చింది. దమ్ముకి మూత చుట్టూ పిండి అంటిస్తాం కదా, తీశాక ఆ పిండిని చూస్తే మూత ఎక్కడ ఎంత నొక్కిందో తెలిసిపోతుంది. మైదాపిండి గట్టిగా కలిపి తెచ్చి, మడత లోపలా కమాను పట్టీల మీదా ముద్దలు ముద్దలుగా అంటించాను.

"గిది కారా, గిన్నెనా అక్కా?" అన్నాడు డ్రైవరు.

బాబా మాత్రం నవ్వలేదు. ఒక్కో ముద్దా వేలితో నొక్కి, గట్టిగా అంటుకుందో లేదో చూసుకున్నాడు.

బరువంతా వెనకే ఉండాలని నన్నూ మామానీ వెనక సీట్లో కూర్చోమన్నాడు. ముందు సీటు ఖాళీగా పెట్టుకుని వెనక ఇరుక్కోవడమేంటని మామా గొణిగింది. మా ఇద్దరి ఒళ్ళూ కలిస్తే ముగ్గురి బరువు, అది నేను పైకి అన్లేదు. గేటు ముందున్న హంప్ మీద కారు ఎక్కి దిగింది. నా పొట్టలో కుదుపు తెలిసింది. బాబా అక్కడే ఇంజను ఆపి, దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

లోపలివైపు ముద్దలు రెండు చక్రాల దగ్గరా చెక్కుచెదరలేదు. బయటివైపు, ఎడమ చక్రం మీద పిండి వేలెడు మందం అలాగే ఉంది. కుడివైపు మాత్రం నలిగి సాగిపోయి, పైన టైరు గీతలు అచ్చుపడ్డాయి. వంగి చూశాను. పిండి తెగలేదు. కింద ఇనుము ఎక్కడా బయటపడలేదు. అట్టు మందం మిగిలింది, అదీ మా అమ్మ పోసే అట్టు కాదు, హోటలు వాడు పోసే పల్చటి అట్టు.

"చాలా?" అని అడిగాను.

ఆయన ఆ పిండిని మెల్లిగా ఊడదీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుని, "యల్లా" అన్నాడు.

ఊళ్ళోంచి కొండల రోడ్డు దాకా పోయాం. వెనక నుంచి ఆ వెడల్పాటి టైర్ల మోత సీట్లోంచి నా వీపుకి తెలుస్తోంది. నేల మీద ఇంత బలం ఉంటుందా అనిపించింది. హంప్ కనబడితే చాలు, బాబా నెమ్మది చేసి, అద్దం దించి, తల కాస్త బయటికి పెట్టి వినేవాడు. మేమూ ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. ఒకటి దాటాం. రెండు, మూడు. ఎక్కడా గీసుకున్న చప్పుడు లేదు. ఐదో హంప్ దాటాక ఆయన అద్దం ఎత్తేశాడు.

"నీదే రైటు" అన్నాడు అరబ్బీలో.

మామా, నేనూ ఇద్దరం వెనకే కూర్చుని ఉన్నాం. ఆయన ఆ మాట ముందున్న ఖాళీ సీటు వైపు తిరిగి అన్నాడు.