వాలుగ తలకాయ

నా చిన్నప్పుడు నాగావళికి కొత్తనీరు వచ్చిందంటే చాలు, మా చిన్నాన్న గేలం పట్టుకుని బయల్దేరేవాడు. పొలుసు లేకుండా, పొడవాటి మీసాలతో నున్నగా మెరిసే వాలుగ చేప పడిందా, ఆ పూట ఇంట్లో పండగే. పులుసు కాగాక తలకాయ నా కంచంలోనే పడాలి. అది నాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

చిన్నాన్నకు పెళ్ళయింది. పిన్ని వచ్చాక మొదటి వాలుగ పడ్డ రోజున, మా నాన్నమ్మ ఆ తలకాయను గరిటెతో తీసి కొత్తకోడలి కంచంలో వేసింది. చిన్నాన్న చూసి నవ్వాడు. అప్పటికే ఆవిడ జడ మీద, గాజుల మీద, చిన్నాన్న సైకిల్ వెనక ఆవిడ కూర్చునే చోటు మీద నాకు ఒకటే కుళ్ళు. ఇప్పుడు తలకాయ కూడానా! కంచం ముందు నుంచి లేచిపోయి పెరటి అరుగు మీద కూర్చున్నాను.

కాసేపటికి పిన్ని తన కంచంతోనే వచ్చి నా పక్కన చతికిలబడింది.

"పాపా, దీన్ని ఎలగ తింటారే? నాకు రాదు. కాస్త సూపించవా?"

తినడం రాని మనిషికా ఇచ్చారు! ఉక్రోషంగానే చూపించాను. బుగ్గ దగ్గర మెత్తటి కండ ఎలా తీయాలో, ఎముకల సందుల్లోంచి పులుసు ఎలా జుర్రాలో చూపిస్తూ చూపిస్తూ సగానికి పైగా నేనే తినేశాను.

కొన్నాళ్ళకు పిన్ని వాళ్ళ నాన్న కూతుర్ని చూడ్డానికొచ్చారు. భోజనాల దగ్గర మాటల్లో, "మా వంశధారలో వాలుగ పడితే, మా అమ్మాయికి తలకాయ లేందే ముద్ద దిగేది కాదు" అన్నారు.

ఆ సాయంత్రం పిన్నిని నిలదీశాను. "రాదన్నావు కదా?"

ఆవిడ బియ్యం చెరగడం ఆపింది. "పెళ్ళైన కాడ్నుంచి మీ సిన్నాన్న నోట నీ కబుర్లే. మా పాప అలగ, మా పాప ఇలగ అని. వినీ వినీ నాకు నీ మీద కుళ్ళొచ్చేసినాది. ఒక్క కంచంలో తింటే తగ్గుతాదేమోనని వచ్చినాను."

"తగ్గిందా?"

"సగం తగ్గినాది."

నాదీ అంతే, సగమే తగ్గింది. పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు మా మనవడు ఫోన్లో వాళ్ళ అమ్మమ్మ ముఖం కనబడగానే నా ఒళ్ళోంచి దూకి పరిగెడతాడు. నాకు మళ్ళీ అదే కుళ్ళు. అప్పుడు నేనూ వెళ్ళి వాడి పక్కన కూర్చుంటాను. "వదినా, వీడికి నువ్వు సేసిపెట్టే ఉప్మా ఏటో నాకు కుదరడం లేదు, కాస్త సెప్పు" అని అడుగుతాను.

ఉప్మా నాకు బాగానే వచ్చు.