మెడ నిలవని నెలలు

ఎనిమిదో నెల వచ్చినా నా కూతురికి మెడ నిలవలేదు. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయేది. ఎడమ చేత్తో నా గాజులు పట్టుకునేది గానీ, కుడి పిడికిలి మాత్రం విప్పేది కాదు. మా అత్తకు చూపిస్తే నవ్వేసింది.

"నీ మొగుడు గూడా లేటుగానే నడిచినాడు. లేస్తాదిలే. ఊరికే ఏంది నీ భయం?"

నా భయం ఊరికే వచ్చింది కాదు. కడుపుతో ఉన్నప్పుడు, ఎనిమిదో నెలలో, కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. మిరపకాయల కోతల రోజులు, ఇంట్లో అందరికీ చేను పనే. నీళ్లుపోసుకున్నవాళ్లకు కాళ్లు వాయడం మామూలే అన్నారు. మూడో రోజు నాకు ఫిట్స్ వచ్చాక గానీ కురుగోడు నుంచి బళ్లారికి బండి కదల్లేదు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ వెంటనే ఏడవలేదట. ఆ సంగతి అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

చివరికి ఒక్కదాన్నే పాపను ఎత్తుకుని బస్సెక్కి బళ్లారిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కాన్పు కాగితాలు అడిగింది. నా దగ్గర లేవు. మళ్లీ ఇంటికొచ్చి వెతికితే బీరువాలో, పొలం పాసుబుక్కుల కింద దొరికాయి. మరుసటి వారం ఆమె వాటిని చదివి, పుట్టగానే ఏడవక బిడ్డ మెదడుకు గాలి అందలేదని చెప్పింది. ఇంత ఆలస్యం ఎందుకని కన్నడం కలిపి నిలదీసింది.

"యాకమ్మా ఇష్టు లేటు? నెలనెలా తీసుకురమ్మని ఇందులో రాసిందారు కదా!"

ఇంగ్లీషులో రాశారు. మా ఆయన సంతకం పెట్టి లోపల పెట్టేశాడు. మాట పడింది మాత్రం నేను.  బస్సులో దారంతా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పారు. ఛాతీ కింద చుట్టిన తువ్వాలు పెట్టి బోర్లా పడుకోబెట్టాలి, పిడికిలి మెల్లగా విప్పాలి. పాప ఏడ్చేది. ఏడవగానే అత్త వచ్చి ఎత్తుకునేది. ఒకరోజు మా ఆయన కూడా అరిచాడు.

"పాపను ఎందుకట్ల ఏడిపిస్తాండావు?"

"పుట్టినప్పుడు ఏడ్చింటే ఈ తిప్పలు ఉండేవి కాదు. ఇప్పుడు ఏడవనీ. నువ్వు గూడా వచ్చి కూచ్చో, చెయ్యి పట్టుకో."

ఆ రోజు కూర్చున్నాడు. తర్వాత వారంలో ఒకటి రెండు రోజులు, అంతే. మిగతాదంతా నాదే.

పాప ఏడాది దాటిన మూడు నెలలకు కూర్చుంది. ఇప్పుడు మూడేళ్లు. గోడ పట్టుకుని నడుస్తుంది, కుడి మడమ ఇంకా నేలకు ఆనదు. మొన్న పక్కింటామెతో అత్త అంటోంది:

"నేను అప్పుడే చెప్తి, అదే లేస్తాదని. ఈమే ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిరిగింది."

 పాప మడమను అరచేత్తో నేలకు అదిమి, పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను.