వైశాలి తీసిన చాళ్లు

బాన్సువాడ పాత బస్టాండు దగ్గర ఎవరినడిగినా చెబుతారు, ఎస్టీడీ బూతు వైశాలికి నడక వచ్చింది గ్రహణం గుంతలో నిలబెట్టినందుకేనని. చెప్పేవాళ్లంతా పక్కనే నిలబడి చూసినట్టు చెబుతారు. గుంత తవ్విన మాట నిజం. పిల్లను నడుము దాకా పూడ్చిన మాటా నిజం. ఆ తర్వాతదంతా ఊరు అల్లిన కథ. ఆ కథ తప్పని తెలిసీ ఇన్నేళ్లు నోరు విప్పని మనిషి ఒకతె ఉంది. వైశాలిని కన్న తల్లి ప్రేమల.

ప్రేమలకు కాన్పు కష్టమైంది. బిడ్డ భూమ్మీద పడి ఏడవలేదు. మంత్రసాని తట్టి తట్టి, నీళ్లు చిలకరిస్తే ఎప్పటికో సన్నగా మూలిగింది. తోటి పిల్లలు పారాడే వేళకు వైశాలి కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి ఎక్కి బిగుసుకునేవి. పక్కింట్లో గిన్నె పడినా ఒళ్లంతా ఉలిక్కిపడేది. ఒక్క మాట పెగలాలంటే మెడ, దవడ, భుజం అన్నీ కలిసి తిప్పలు పడాలి. కళ్లు మాత్రం దేన్నీ విడిచేవి కావు. నాయనమ్మ లచ్చవ్వ బెల్లం ఎక్కడ దాచినా ఆ పిల్ల చూపు నేరుగా అక్కడికే పోయేది.

"మాట రాదు గని, ముసల్దాన్ని పట్టిచ్చుడు మస్తు తెలుసు దీనికి!" అని లచ్చవ్వ నవ్వి, ముక్క విరిచి నోట్లో పెట్టేది.

వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? కడుపుతో ఉండగా గ్రహణం నాడు ప్రేమల కత్తిపీట ముట్టిందన్నారు. ముట్టిందో లేదో ప్రేమలకే గుర్తులేదు. గుర్తు లేకపోయినా ఏళ్ల తరబడి కుమిలిపోయింది. చివరికి భర్త ముత్తెన్న ఆమెనూ బిడ్డనూ తీసుకొని నిజామాబాద్ దవాఖానకు పోయాడు.

డాక్టరమ్మ పిల్ల కాళ్లు మెల్లగా విడదీసి చూసి, "గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా. నువ్వు చేసిన తప్పేమీ లేదు" అంది. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక కొంత దెబ్బతిన్నదట. దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారట. అంటుకునేది కాదు, ముదిరేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు. పిల్లకు తెలివి బాగానే ఉంది. రోజూ కాళ్లు సాగదీసి ఆడిస్తూ ఉంటే కొంత దారికొస్తాయట.

తిరుగు బస్సులో ప్రేమల ఆ పేరును నోట్లో నోట్లో అనుకుంటూనే వచ్చింది. వర్ని ఊరు దాటేసరికి అది కాస్తా జారిపోయింది.

"పేరు వోతే పోనియ్యే" అన్నాడు ముత్తెన్న. "నాకు సమజైంది. కాలువల నీళ్లున్నయ్. పొలం మంచిగనే ఉన్నది. తూము కాడనే కిరికిరి. ఓసారి ఒక్కతీర్గ దుంకుతయ్, ఓసారి సుక్క రాదు. గంతే."

"గంతేనా?"

"గంతే. పొలాన్ని తిడితే ఏం ఫాయిదా?"

ఆ పూట ప్రేమల గుండెల మీది బండ సగం దిగింది. మర్నాటి నుంచి పొద్దుటెండలో చాప పరచడం, గోరువెచ్చని నూనె రాయడం, బిగిసిన కాళ్లను కొంచెం కొంచెంగా సాగదీయడం. బిడ్డ ఏడ్చేది, తల్లి పాడేది. రెండూ కలిసి వీధి చివరికి వినబడేవి.

తొంభై ఐదులో దీపావళి తెల్లారి సూర్యగ్రహణం వచ్చింది. ముత్తెన్న పెద్ద కొడప్‌గల్‌లో చెల్లెలి ఇంటికి పోయి ఉన్నాడు.

"డాక్టర్ జెప్పింది డాక్టర్ది, మనోళ్లు జెప్పింది మనది" అంది లచ్చవ్వ. "గ్రహణం పట్టి విడిసేదాక భూతల్లి ఒడిల నిలవెడితే కాళ్లల్లకు సత్తువొస్తదట. మా అవ్వ జెప్తుండె."

ప్రేమల వద్దనలేకపోయింది. లచ్చవ్వ పెరట్లో తానే గుంత తవ్వింది. మనుమరాలికి గుచ్చుకోకుండా రాయీ రప్పా ఏరి, మట్టిని జల్లించి మరీ నడుము దాకా పోసింది. వెలుగు మసకబారింది. కాకులు గమ్మునయ్యాయి. వైశాలి ఒకటే ఏడుపు. ఆ ఏడుపులో ముక్కలు ముక్కలుగా ఏవో మాటలు. "జరసేపే బిడ్డా, జరసేపే" అంటూ లచ్చవ్వ తల నిమిరింది, తానూ ఏడ్చింది. ప్రేమల తలుపు వెనక నిలబడి చెవులు మూసుకుంది.

తిరిగొచ్చిన ముత్తెన్న గుంత చూశాడు. పార తీసుకొని పూడ్చేశాడు.

ఆ వెంటనే వరికోతలు. కల్లంలో వడ్లు ఆరబోస్తే గంట గంటకూ కాళ్లతో చాళ్లు తీస్తూ తిప్పాలి, అడుగు వడ్లు పైకి రావాలి. ముత్తెన్న రెండు గుంజలు పాతి, వాటి మధ్య పిల్ల చేతికందేంత ఎత్తులో మోకు బిగించి కట్టాడు. వైశాలిని దాని పక్కన కూర్చోబెట్టి కోళ్లను అదిలించమన్నాడు. కోళ్లు ఆమెను ఖాతరు చేస్తేనా! కోపం పట్టలేక ఒకనాడు మోకు పట్టుకొని లేచింది. పడింది. మెత్తగా వడ్లలోనే పడింది. మళ్లీ లేచింది.

మామూలు మనిషి కాలు ఎత్తి వేస్తాడు. వైశాలి కాలు లేవదు, వేళ్లు నేలను ఈడుస్తూ పోతాయి. వడ్లకు కావలసిందీ అదే. ఆమె పోయిన దారిలో అడుగు గింజ కూడా ఎండ మొహం చూసేది.

"ఏందే ముత్తెన్నా, నాగలి గట్టినవా?" అని పక్క కల్లం వాళ్లు కేకేసేవారు. "నీ బిడ్డను మాకు గూడ కిరాయికియ్యరాదే!"

వైశాలి పడీ పడీ నవ్వేది. నవ్వితే పట్టు తప్పేది, మళ్లీ వడ్లలో పడేది.

యాసంగి వడ్లూ అట్లాగే తిప్పింది, మళ్లీ వానాకాలం వడ్లూ తిప్పింది. కొన్నేళ్లకు మోకు వదిలి కర్ర పట్టింది. లచ్చవ్వ మాత్రం ఊరంతా తిరిగి చాటింది, "నా గుంత పనిజేసింది!" అని. ఆ సంబరంతోనే కన్నుమూసింది. అంత ప్రేమగా మట్టి జల్లించిన ముసలామె మాటను అబద్ధం చేయడానికి ప్రేమలకు నోరు రాలేదు. గుంతలో ఉన్నప్పుడు ఎట్లా ఉండెనని బిడ్డనూ ఎన్నడూ అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని భయం.

చదువు కొంత అయ్యాక వైశాలి బూతు పెట్టుకుంది. పసుపు బోర్డు, మీటరులో పరుగెత్తే ఎర్ర అంకెలు, అద్దాల గది బయట దుబాయికీ బొంబాయికీ మాట్లాడేవాళ్ల వరుస. రోజూ వచ్చేవాళ్లకు ఆమె మాట అలవాటైంది. కొత్తవాళ్లు మాత్రం ఆమె ఎదుటే ప్రేమల వైపు తిరిగి, "ఏమంటున్నది?" అని అడిగేవారు. ప్రేమల చెప్పేది.

సెల్‌ఫోన్లు వచ్చి వరుస పలచబడ్డాక, రెండు వేల తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం, తండా నుంచి రేఖ వచ్చింది. చంకలో కొడుకు హీరాలాల్. పూణేలో పనికి పోయిన భర్త వినోద్‌కుమార్‌కు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున గ్రహణమనీ, గుంత తవ్వడం అయిపోయిందనీ చెప్పింది. ఫోన్ పెట్టేసి, అన్నం గిన్నె తెచ్చిన ప్రేమల దగ్గరికి వచ్చింది.

"అక్కా, మీ బిడ్డను ఏడిదాక పూడ్చిండ్రు? నడుందాకనా, ఛాతి దాకనా?"

బయట బస్సు హారన్ కొట్టింది. హీరాలాల్ ఒళ్లంతా ఉలిక్కిపడింది, రెండు కాళ్లూ కత్తెరలా బిగుసుకున్నాయి. ప్రేమల గిన్నె కింద పెట్టి, ఆ కాళ్లను అలవాటైన చేతులతో మెల్లగా విడదీసింది.

"నన్నెందుకడుగుతవ్ బిడ్డా? గుంతల ఉన్నది నేను గాదు. గామెనే అడుగు."

రేఖ తడబడింది. ఎదుట కూర్చున్న మనిషిని అప్పుడే చూసినట్టు వైశాలి వైపు తిరిగింది. "చెల్లే... గుంతల నిలవెట్టినంకనే నీకు నడకొచ్చిందా?"

వైశాలి మెడ ఒకవైపు తిరిగింది. దవడ బిగిసింది, వదిలింది. ప్రేమల ఈసారి చెవులు మూసుకోలేదు.

"నడక... వడ్లల్ల వచ్చింది అక్కా. గుంతల... తియ్యుండ్రి, తియ్యుండ్రి అని మొత్తుకున్న. ఎవ్వలకు సమజ్ గాలె. వీనికైతే... గంత మాట గూడ రాదు."