మైకు పట్టిన సరోజన

బోడగుట్టపల్లిలో సరోజన గొంతు తెలియని మనిషి లేడు. ఆమె పుట్టింది వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట. ఏటి మధ్యలో వల వేసుకుంటున్న తండ్రిని అన్నానికి పిలవాలంటే ఒడ్డు మీద నిలబడి ఒక్క కేక వేసేది. పెళ్లయి ఆత్మకూర్ (ఎస్) దగ్గరి ఈ ఊరికి వచ్చాక కూడా ఆ గొంతు తగ్గలేదు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరమ్మ నవ్వుతూ, "నువ్వు జర ఎన్కకు నిలబడు బిడ్డా" అనేది. సరోజన నొచ్చుకోకుండా వెనక్కి పోయి, అక్కడి నుంచీ అంతే గట్టిగా పాడేది.

ఊళ్లో ఆమె పంచాయతీ సఫాయి కార్మికురాలు. పొద్దున్నే ట్రాక్టర్ వెంట ఇల్లిల్లూ తిరిగి చెత్త ఎత్తడం, తర్వాత మోరీల్లో మురుగు తీయడం ఆమె పని. భర్త మంగయ్య మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ. ఆదివారం వస్తాడు, సోమవారం పొద్దున బస్సెక్కుతాడు.

ఇంత గొంతున్న మనిషి ఓట్ల నాడు మాత్రం నోరు కట్టేసుకుని బట్టలుతుక్కునేది. ఎవరైనా అడిగితే, "ఎవ్వడు గెలిచినా సీపురు నా సేతిలనే ఉంటది గదా, ఇగ గాడికి పోయి ఏం జెయ్యాలె?" అనేది. ఊళ్లో చాలామంది లెక్క కూడా అదే. గ్రామసభ అంటే మరీ అలుసు. కిందటిసారి సభకు వచ్చింది ఆశా వర్కరూ, నీడ కోసం కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లూ, అద్దె కుర్చీలూ.

అప్పటికి సర్పంచుల గడువు ముగిసి ఎన్నికలు జరగలేదు. ఊరి భారమంతా పంచాయతీ కార్యదర్శి జ్యోత్స్న మీద పడింది. కోదాడ పిల్ల, ఉద్యోగం కొత్త. పేదలకు ఇళ్లూ రేషన్ కార్డులూ ఎవరికివ్వాలో గ్రామసభలో అందరి ముందూ చదివి ఒప్పించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చదవడానికి ఆమె సిద్ధం, వినడానికే మనుషులు లేరు.

"సరోజనక్కా, మీరు ట్రాక్టర్ మైకులో ఒక్కసారి చెప్పండక్కా. మీ మాటైతే వింటారు" అంది జ్యోత్స్న.

"నేనే రాను మేడం, ఊరినెట్ల రమ్మంట?" అని సరోజన నవ్వేసింది. కానీ ఆ పిల్ల మొహం చూశాక కాదనలేకపోయింది.

మర్నాడు డ్రైవర్ భిక్షం రోజూ మోగే చెత్తబండి పాట రికార్డు ఆపి మైకు ఆమె చేతికిచ్చాడు. "గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా..." అని సరోజన మొదలుపెట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మూడో వీధిలో బుచ్చమ్మ బయటికొచ్చింది. ఒంటరి ముసలిది, రేకుల ఇంట్లో ఉంటుంది.

"ఏందే సరోజనా, ఏమన్న ఇస్తరటనా?"

"ఏమియ్యరు పెద్దమ్మా. మనమే అడగాలె."

మైకు ఆపడం మరిచిపోయింది. ఆ రెండు ముక్కలూ ఊరంతా వినిపించి, పక్కింట్లోంచి ఎవరో పకపకా నవ్వారు. నవ్వు వినబడేసరికి సరోజనకు హుషారొచ్చింది.

"నవ్వుతున్నరా? నవ్వుర్రి. బుచ్చమ్మ పెద్దమ్మా, నిరుడు గాలికి నీ ఇంటి రేకులు లేసి పత్తి చేన్ల పడ్డయి. ఏడాది సంది ఆ ముచ్చట నాకే చెప్తున్నవ్. నేను చెత్త ఎత్తుకపోత గని, రేకులు తెచ్చిస్తనా? గురువారం పంచాయితీ కాడికొచ్చి మేడంకు చెప్పు!"

ఆ పొద్దు ఏ ఇంటినీ వదల్లేదు. బోరు ఎండినాయన్ని ఆ బోరు పేరెత్తి, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కని అత్తను ఆ కోడలి పేరెత్తి పిలిచింది. "ఇంట్ల గొణిగితే పిల్లికి గూడ ఇనబడదు, గాడికొచ్చి గొణుగుర్రి" అని ప్రతి మలుపులోనూ అంది. భిక్షం నవ్వాపుకోలేక ట్రాక్టర్‌ను రెండుసార్లు మోరీ అంచుకు తీసుకుపోయాడు.

గురువారం కుర్చీలు చాలలేదు. తమ సంగతి చెప్పుకోవడానికి కొందరు, సరోజన మీద ఫిర్యాదు చేయడానికి కొందరు, తమాషా చూడ్డానికి మిగతావాళ్లు వచ్చారు. జ్యోత్స్న ఇళ్ల పేర్లు చదువుతూంటే ఒకచోట గుసగుస లేచింది. మేడ ఉన్న ఒకాయన పేరుంది, బుచ్చమ్మ పేరు లేదు.

బుచ్చమ్మ కర్ర పట్టుకుని లేచింది. "ఆయనకు మేడ మీద ఇంకో ఇల్లెందుకు బిడ్డా? పావురాలకా?"

సభంతా గొల్లుమంది. మేడాయన కూడా నవ్వి, "రాసిందెవరో నాకు తెల్వదు, తీసెయ్యిర్రి" అన్నాడు. జ్యోత్స్న అక్కడికక్కడే రాసుకుని, అధికారులు వచ్చి బుచ్చమ్మ ఇల్లు చూసేలా తీర్మానం చేసింది. అప్పుడు ఎవరో వెనక నుంచి, "అందర్నీ అడగమంటివి, నీకేం గావాల్నో చెప్పకపోతివి సరోజనా!" అన్నారు.

సరోజన మాట వచ్చిన వైపు తిరిగి చూసింది. ఇన్నేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. లేచి నిలబడి, "ఊరి మోరీలన్నీ నేనే తీస్త. నా వాడకు మోరే లేదు. వానొస్తే నీళ్లు ఇంట్లకే వస్తయి. మాకో మోరి గావాలె" అంది. మైకు లేకుండానే అందరికీ వినబడింది. చేతులన్నీ లేచాయి.

ఆ ఏడు చివర్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సరోజన ముందురోజే మంగయ్యకు ఫోన్ చేసి, "రేపు మిల్లు బందు పెట్టు, ఓటుకు రా" అంది. మంగయ్య నమ్మలేక, "పానం బాగుందా నీకు?" అని అడిగాడు. అయినా తెల్లారి బస్సుకు ఈ ఊరివాళ్లే అయిన మరో ఇద్దరు హమాలీలను కూడా వెంటేసుకుని దిగాడు. బడి దగ్గర ఓటు వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. వేలి మీద సిరా చుక్కతో బయటికొచ్చిన సరోజన, మంగయ్యకు చాయ్ తాగించి, ఇడ్లీ కూడా తినిపించింది.

ఆ గ్రామసభ నాటి నుంచీ ట్రాక్టర్ మైకు సరోజన చేతిలోనే ఉంది. గెలిచిన సర్పంచు మొదటి వారంలోనే జ్యోత్స్నను పిలిచి, "ఆమెకు మైకు బందుచెయ్యిర్రి, ఎన్కటి పాట రికార్డు పెట్టుర్రి" అన్నాడు. రికార్డు పెట్టిన రోజు జనం చెత్త బుట్టలు బయటికే తేలేదు. మర్నాడు మైకు మళ్లీ సరోజన చేతికొచ్చింది.

బుచ్చమ్మ ఇల్లు గోడల దాకా లేచింది. మోరీ సగం దాకా వచ్చి, సిమెంటు అయిపోయిందని ఆగింది. ఆదివారం ఇంటి ముందు, ఆగిపోయిన మోరీ గుంత పక్కన మంచమేసుకుని కూర్చున్న మంగయ్య, "సగమన్న అయింది, ఇగ ఊకోరాదే" అన్నాడు.

"ఎందుకూకోవాలె?" అంది సరోజన, అతని కంచంలో ఇంకో ముద్ద పెడుతూ. "వచ్చే నెల మళ్ల మీటింగున్నది. నువ్వు గూడ రా."

"నేనొచ్చి ఏం మాట్లాడాలె?"

"నువ్వేం మాట్లాడకు. నా పక్కన కూసో."