బల్ల గుద్ది మూయించిన సందు

ఐదేండ్లు కార్పొరేటర్‌గ చేసిన. ఆ ఐదేండ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గయితది. లంచాలు తిన్ననని కాదు, ఒకళ్ళ భూమి గుంజుకున్ననని కాదు. గవన్నీ చేసినోళ్ళు హాయిగ నిద్రపోతున్నరు. నేను చేసింది ఒక్కటే. ఒక కాయితం చదువకుండ బల్ల గుద్దిన. ఆ ఒక్క పనికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

మా ఊరు ఇప్పుడు ఊరు కాదు. చుట్టూ అద్దాల మేడలు లేచినయి, నడుమ మా ఇండ్లు ఇరుక్కున్నయి. ఊరి ముందటకెళ్ళే పెద్ద రోడ్డు పోతది, అటు నాలుగు లైన్లు, ఇటు నాలుగు లైన్లు. రోడ్డుకు ఇవతల మా ఇండ్లు, మా చర్చి, కిరాణం కొట్లు. అవతల ఆఫీసులు, నానక్‌రామ్‌గూడ దిక్కు పొయ్యే షేర్ ఆటోలు. మా ఆడోళ్ళు పొద్దున ఏడున్నరకు మెడల ఐడీ కార్డులు ఏసుకొని రోడ్డు దాటుతరు. ఆ మేడలు ఊడ్చేది వాళ్ళే, బాత్‌రూములు కడిగేది వాళ్ళే. జర లేటయితే గేటు కాడనే నిలబెడుతరు. సూపర్‌వైజర్ వచ్చి నాలుగు మాటలనేదాక లోపలికి పోనియ్యరు.

రోడ్డు నడుమ డివైడర్‌కు మా ఊరి ఎదురుంగ ఒక సందు ఉండె. బండ్లు మలుపుకునేటందుకు విడిచిన సందు. మా ఆడోళ్ళందరు అక్కడనే దాటేటోళ్ళు. సిగ్నల్ లేదు. తెల్ల గీతలు ఎప్పుడో అరిగిపోయినయి. పదిమంది జమయ్యేదాక ఆగి, చేతులు పట్టుకొని, వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం చూపిచ్చుకుంట ఉరకాలె.

ఎలక్షన్ల నా కోసం అందరికంటె ఎక్కువ తిరిగింది మా వదిన, మా పెద్దమ్మ కొడుకు భార్య. ఆమె గూడ ఒక మేడల హౌస్‌కీపింగ్ చేస్తది. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం సుత విప్పకుండ నా కరపత్రాలు పట్టుకొని గల్లీ గల్లీ తిరిగింది. గెలిచిన రోజు దండ ఏసి ఒక్కటే అడిగింది. "నాకు ఇల్లు వద్దు, ఏమొద్దు. ఆ సందు కాడ ఒక సిగ్నల్ పెట్టియ్యి. రోజు పానం అరచేతుల పెట్టుకొని దాటుతున్నం."

పెట్టిస్త అన్న. అందరి ముందట అన్న.

రాజకీయాలకు రాకముందు నేను బడిల తెలుగు చెప్పిన. ప్రశ్న పూర్తిగ చదువకుండ జవాబు రాసే పిల్లలను ఎన్నిసార్లు నిలబెట్టి తిట్టిన్నో లెక్కలేదు. వాళ్ళల్ల ఎవరన్న ఇది చదివితే నవ్వుకోనీ. నాకు కావల్సిందే.

సిగ్నల్ కోసం రెండేండ్లు తిరిగిన. ట్రాఫిక్ వాళ్ళు ఇంజినీర్‌ను అడుగుమన్నరు. ఇంజినీర్ ట్రాఫిక్ వాళ్ళ లెటర్ తెమ్మన్నడు. ఆ ఇంజినీర్ సారుది ఎంత మర్యాదనో చెప్పలేను. పోంగనే లేచి నిలబడుతడు, కుర్చీ జరుపుతడు, చాయ్ తెప్పిస్తడు. "చేద్దాం మేడమ్. ప్రపోజల్‌ల పెట్టినం మేడమ్." ఆయన తాగిపిచ్చిన చాయ్‌లన్నీ కలిపితే ఒక ట్యాంకర్ నిండుతుండె. వదిన మాత్రం ప్రతి ఆదివారం చర్చి కాడ అడిగేది, ఏమన్న అయితున్నదా అని. అయితున్నది అనేదాన్ని.

కౌన్సిల్ మీటింగ్ అంటే బయటోళ్ళు ఏందో అనుకుంటరు. మొదటి గంట సంతాపాలకు పోతది. తర్వాత రెండు గంటలు తిట్టుకునుడు. ఈ పార్టోళ్ళు మేయర్ కుర్చీ కాడికి ఉరుకుతరు, ఆ పార్టోళ్ళు అజెండా పుస్తకాలు చింపి ఎగరేస్తరు. టీవీ వాళ్ళు ఉన్నంతసేపే ఆ ఆవేశం. కెమెరాలు పోతే, చింపినోడు చింపించుకున్నోడు కలిసి చాయ్ తాగుతరు. మా మోరీలు పొంగుతున్నయి, మా గల్లీల లైట్లు లేవు అని చీటీలు రాసుకొచ్చినోళ్ళు ఆ చీటీలను మళ్ళ పర్సుల్ల పెట్టుకొని ఇంటికి తీస్కపోతరు.

ఇగ ఒంటిగంట అయితుండంగ పక్క హాల్లకెళ్ళి బిర్యానీ వాసన వస్తది. సరిగ్గ గప్పుడే అటెండర్లు కొత్త కాయితాలు తెచ్చి మా ముందట పెడుతరు. వీటిని టేబుల్ ఐటమ్‌లు అంటరు. అజెండా పుస్తకంల ఇవి ఉండయి, ముందుగాల ఎవ్వరికి పంపరు. మేయర్ నంబర్ చదువుతరు, మేము బల్లలు గుద్దుతం, అది పాసయినట్టు. పది నిమిషాలల్ల పాతికయినా పాసయితయి. కొత్తల నేను ఒక కాయితం చదువుకుంట కూసుంటే పక్క సీటాయన నవ్విండు. "ఏందక్కా, పరీక్ష ఉన్నదా? అన్నం సల్లగైతది." నేను గూడ నవ్విన. మెల్లగ నేను గూడ గుద్దుడు నేర్చుకున్న. చెయ్యి నొయ్యకుండ ఎట్ల గుద్దాల్నో సుత నేర్చుకున్న. థూ.

ఆ రోజు గూడ అట్లనే కాయితాలు పెట్టిన్రు. ఒకదాని మీద మా రోడ్డు పేరు కనబడ్డది. పైన పెద్దక్షరాలల్ల "పాదచారుల భద్రత నిమిత్తం జంక్షన్ అభివృద్ధి" అని ఉన్నది. రెండేండ్లు తిరిగిన పని, వచ్చింది అనుకున్న. కింద ఇంక ఏడెనిమిది లైన్లున్నయి. చదువలే. మేయర్ నంబర్ పిలువంగనే అందరికంటె గట్టిగ గుద్దిన. అంతటితోని ఊకోలే. లేచి నిలబడి, మైకు నొక్కి, "మా ఊరి ఆడపడుచుల తరఫున కౌన్సిల్‌కు ధన్యవాదాలు" అన్న. చప్పట్లు కొట్టిన్రు. పోయి బిర్యానీ తిన్న. రెండుసార్లు పెట్టించుకున్న.

ఆ ఆదివారం చర్చిల పాస్టరు గారు సిగ్నల్ మంజూరయినందుకు కృతజ్ఞతా ప్రార్థన చేసిండు. వదిన నా పక్కనే మోకాళ్ళ మీద ఉన్నది. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. ఆమె చెయ్యి నా చెయ్యి మీద ఉన్నది.

పది రోజులకు క్రేన్ వచ్చింది. సిగ్నల్ స్తంభాలు తెచ్చిన్రనుకొని ఊరంత రోడ్డు మీదికి పోయింది. క్రేన్ సిమెంటు దిమ్మెలు దింపింది. నడుము ఎత్తు దిమ్మెలు. మధ్యాహ్నానికి సందు పూరాగ మూసుకపోయింది.

నేను ఆటో ఎక్కి ఇంజినీర్ ఆఫీసుకు పోయిన. ఎన్నడు లేనిది ఆయన మీద ఒర్రిన. ఆయన మాత్రం ఎప్పటి లెక్కనే లేచి, కుర్చీ జరిపి, ఫైలు తెరిచి నా ముందట పెట్టిండు. నేను గుద్దిన కాయితమే అది. కింది లైన్లల్ల అంత సక్కగ రాసి ఉన్నది. పాదచారులు అడ్డం రాకుండ, వాహనాలు ఆగకుండ పోయేటందుకు డివైడర్ సందు శాశ్వతంగ మూసివేత. దాటేటోళ్ళు ముందున్న ఫ్లైఓవర్ కింది నుంచి తిరిగి రావాలె. అంటే మా ఆడోళ్ళకు అర్ధగంట నడక. దాని వెనుక కౌన్సిల్ మినిట్స్, మీటింగ్‌ల అయినదంత రాసిన కాయితం, ఉన్నది. "స్థానిక సభ్యురాలు హర్షం వ్యక్తం చేస్తూ బలపరచగా ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

"మీరే కద మేడమ్ ధన్యవాదాలు చెప్పింది," అన్నడు. ఎగతాళి గూడ లేదు ఆయన మాటల. ఎగతాళి చేసినా బాగుండు. ఆయనే జర జాలిపడి ఒక దారి చెప్పిండు. మూడు నెలలకు వచ్చే మీటింగ్‌ల అన్నిటికంటె ముందుగాల ఈ మినిట్స్ ఖరారు చేస్తరు. గప్పుడు మీరు లేచి అభ్యంతరం చెప్తే ఫైలు మళ్ళ తెరుస్తరు. ఖరారయితే మాత్రం ఇగ నా చేతుల ఏం లేదు మేడమ్.

ఆ వారంల ఒక ఫోన్ వచ్చింది. రోడ్డవతలి అపార్ట్‌మెంట్ల సంఘం సెక్రటరీ. కోస్తా దిక్కు మనిషి. "మీవల్ల మా క్యాబులు ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోతున్నాయండి. చిన్న సన్మానం పెట్టుకున్నాం, కాదనకండి మేడమ్." పోవద్దు. పోయిన. ఏం చెప్పి తప్పిచ్చుకోవాల్నో తెల్వక పోయిన. క్లబ్ హౌస్‌ల ఏసీ కింద శాలువా కప్పిన్రు. పిల్లలతోని బొకే ఇప్పిచ్చిన్రు. పళ్ళు బయటపెట్టి ఫోటోకు నిలబడ్డ. ఇంటికొచ్చినంక ఆ శాలువా బయటపడేద్దామనుకున్న. పడెయ్యలే, బీరువాల పెట్టిన. మంచి శాలువా.

మా ఆడోళ్ళు ఫ్లైఓవర్ దాక నడువలే. అర్ధగంట వాళ్ళకు ఎక్కడిది? దిమ్మెలు ఎక్కి దాటుడు షురువు చేసిన్రు. చీర ఎగ్గట్టుకొని, ఒకామె ఎక్కితే ఒకామె వెనుకకెళ్ళి నెట్టుడు. నలభై, యాభై ఏండ్ల ఆడోళ్ళు. కారు అద్దాలు దించి మొగోళ్ళు ఫోన్లల్ల వీడియోలు తీసేటోళ్ళు. మూడో వారంల వదిన అవతలికి దుంకంగ కాలు మడతపడ్డది. చీలమండ కాడ ఎముక విరిగింది. పడ్డది రోడ్డు మీద. ఒక బండాయన గట్టిగ బ్రేకు కొట్టబట్టి బతికింది.

దవాఖానల ఆమె మంచం పక్కన కూసొని అన్న, వచ్చే మీటింగ్‌ల నేను లేస్త, ఆ దిమ్మెలు తీపిస్త అని. "నువ్వు లేస్తె అయితది," అన్నది. నేను చదువకుండ గుద్దిన సంగతి ఆమెకు తెల్వదు. ఇంజినీర్ మోసం చేసిండని చెప్పిన.

మీటింగ్ ముందు రోజు కౌన్సిల్‌ల మా పార్టీకి లీడర్‌గ ఉన్నాయనకు సంగతి చెప్పిన. ఆయన తలకాయ పట్టుకున్నడు. "చదువకుండ పాస్ చేసినం అని మైకుల చెప్తవా? రేపు నీ ఫోటో తోని పేపర్ల వస్తది. నీ ఒక్కదానిదే కాదమ్మా, అందరి ఇజ్జత్ పోతది. జర ఓపిక పట్టు. సిగ్నల్ సంగతి తర్వాత చూద్దాం." ఇంటికొచ్చి రాత్రంత చీటీ రాసిన, కొట్టేసిన, మళ్ళ రాసిన.

తెల్లారి మేయర్ కూసుంటనే మొదలుపెట్టిన్రు. కిందటి మీటింగ్ మినిట్స్ ఆమోదించినట్టే కద? బల్లలు మోగినయి. నేను మైకు నొక్కిన. ఎర్ర లైటు వెలిగింది. మేయరమ్మ నా దిక్కు చూసిన్రు. "చెప్పండి మేడమ్." హాలంత నా దిక్కు తిరిగింది. చీటీ నా చేతులనే ఉన్నది. రాసుకున్నది నాలుగు ముక్కలే. ఈ ఐటమ్ నేను చదువకుండ ఒప్పుకున్న, తప్పయింది, మళ్ళ తెరువండి. గంతే. పైన ప్రెస్సోళ్ళు కనబడ్డరు. పక్క సీటాయన కనబడ్డడు. పంతులమ్మ చదువకుండ బల్ల గుద్దిందట అని నవ్వేటోళ్ళందరి మొఖాలు కనబడ్డయి.

"మా వార్డుల కుక్కలు ఎక్కువైనయి మేడమ్," అన్న.

ఇగ చూడాలె. అటు పార్టోళ్ళు, ఇటు పార్టోళ్ళు అందరు లేచిన్రు. మా దాంట్ల ఎక్కువ అంటే మా దాంట్ల ఎక్కువ అని కొట్లాడిన్రు. ముప్పావు గంట కుక్కల మీదనే నడిచింది. మంచి విషయం లేవనెత్తినవక్కా అని ఎవరో చీటీ పంపిన్రు. మినిట్స్ ఖరారయినయి. ఆ రోజు గూడ నేను అన్నం తిన్న. ఎట్ల మింగిన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తది.

సాయంత్రం వదిన ఇంటికి పోయిన. కట్టు విప్పి నాలుగు రోజులయింది. కుంటుకుంట వచ్చి తలుపు తీసింది.

"మాట్లాడినవా?"

"మాట్లాడిన. ఎవరు ఇనలే."

అంత తేలికగ చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకొని లోపల కూసోబెట్టింది. నీళ్ళిచ్చింది. "పోనీతియ్. నువ్వు ఒక్కదానివి అంతమందితోని ఎంతగనం కొట్లాడుతవ్," అన్నది. ఆమె తిట్టినా, తలుపు తియ్యకపోయినా నేను బతుకుతుంటి.

"సోమారం కెళ్ళి డ్యూటీ ఎక్కాలె," అన్నది. "ఇగ సిగ్నల్ వద్దు, ఆ దిమ్మెలు తియ్యమని గూడ అడుగుతలేను. ఆ దిమ్మె పక్కకు ఒక రాయి ఎయ్యించు. దాని మీద కాలు పెట్టి ఎక్కుత. ఈ కాలు ఎత్తు లేస్తలేదు."

రాయి ఎయ్యించుడు ఎంత పని? రేపే పెద్ద బండరాయి తెప్పిస్త, ఇద్దరు నిలబడేటంతది, అన్న. ఏదో ఒకటి చేస్తున్న అనిపించి ప్రాణం లేచొచ్చింది నాకు.

"పెద్దది వద్దు," అన్నది వదిన. "పెద్దదయితే ఆఫీసరోళ్ళకు కనబడ్తది, తీస్కపోతరు."

తెల్లారి నేనే నిలబడి చూసి, చిన్నది ఏయించిన.