ఉన్ని గుడ్డ పరిచిన పెట్టె

మా అత్తయ్య దేనికైనా మార్కు వేయకుండా ఉండలేదు. నేను కడిగిన గ్లాసును లైటుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "అరవై" అనేది. డెబ్బై ఆవిడ లెక్కలో పైమెట్టు. పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆవిడ ఆఫీసులోనే నాకూ పని దొరికింది. నాణేల దగ్గరా ఆవిడ అంతే పిసినారి అని అప్పుడు తెలిసింది.

సేకరించేవాళ్లు పంపే పాత వెండి నాణేలు ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయో తేల్చి చెప్పడం మా పని. ముగ్గురు వేర్వేరుగా చూస్తారు, ఒకరి మార్కు ఒకరికి చెప్పరు. చివర్లో నేను నాణేన్ని మార్కు చీటీతో సహా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేస్తాను.

అరవై అయిదంటే ఎంత అని ఎవరికైనా సందేహం వస్తే ఓ చెక్కపెట్టె ఉండేది. అందులో ఒక్కో మార్కుకు ఒక్కో నమూనా నాణెం. ఆఫీసు పెట్టినప్పుడు వాటిని ఏరింది అత్తయ్యే. మిగతా ఇద్దరినీ ఆ పెట్టె ముందు కూర్చోబెట్టి పని నేర్పిందీ ఆవిడే. నమూనాల మీద గీతలు పడకూడదని, పోయిన మామయ్య ఉన్ని కోటు కత్తిరించి గళ్లలో పరిచింది. రోజూ పనికి ముందు వాటిని కాసేపు చూసి, "కన్ను సరిచేసుకుంటున్నా" అనేది. మూత తీస్తే ఆ కోటు వాసన గుప్పుమనేది.

ఓ రోజు, ఏళ్ల కిందట మేమే సీలు వేసిన నాణెం ఒకటి మళ్లీ చూడమని వచ్చింది. మార్కు అరవై అయిదు. అత్తయ్య దాన్ని అరవై అయిదు నమూనా పక్కన పెట్టి, దీపం దగ్గరికి లాక్కుంది.

"ఎవరో తోమి పంపారు, అమ్మాయ్. సీలు చూడు."

"నేను వేసిన సీలే అత్తయ్యా. ఎవరూ తెరవలేదు."

వచ్చిన నాణెం తెల్లగా ఉంది. నమూనా మీద మాత్రం పలచటి టీ మరకలాంటి ఛాయ. రోజూ చూస్తూ ఉండటంవల్ల అది ఎప్పుడు మొదలైందో మాలో ఎవరికీ తెలియలేదు. అత్తయ్య మిగతా నమూనాలు తీసింది. అన్నింటికీ అదే ఛాయ.

మా ఆఫీసు ఓనరు, లోహాలు పరీక్షించే ఆయన్ను పిలిపించాడు.

"ఉన్నిలో గంధకం ఉంటుందండీ. వెండికి పడదు, మెల్లగా నల్లబరుస్తుంది. ఈ గుడ్డ ఎవరు పరిచారు?"

"నేనే" అంది అత్తయ్య.

నమూనాలు మసకబారే కొద్దీ మా కొలతా జారిపోయింది. మసక నాణేలకు అరవై అయిదు వేసి పంపేశాం. ముగ్గురూ ఒకే మాట మీద ఉంటారని ఓనరు ఇన్నాళ్లూ మురిసిపోయేవాడు. ఉండక ఏం చేస్తారు, ముగ్గురూ చూసింది ఒకే పెట్టెను.

ఓనరు అరవలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"అమ్మగారూ, మొదట్లో మనం సీలు వేసిన నాణేలు కొన్ని తెప్పించాను. మార్కులు కప్పేశాను. మీరు చూసి చెప్పండి. అప్పటి మార్కులతో సరిపోతే కొత్త నమూనాలు మీరే ఏరుదురుగాని. సరిపోకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలి."

ఆవిడకు ఆ కుర్చీ తప్ప వేరే బతుకు లేదు. ఒక్కో నాణేన్నీ మునివేళ్లతో తిప్పి చూసింది. అరవై ఎనిమిది అంది. మళ్లీ అరవై ఎనిమిది. మరోదానికి ఏకంగా డెబ్బై అంది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఓనరు మార్కుల మీద కప్పిన కాగితాలు తీశాడు. ఏ ఒక్కటీ అరవై అయిదు దాటలేదు.

అత్తయ్య కళ్లద్దాలు మడిచి సంచిలో వేసుకుంది.

సాయంత్రం వంటింట్లోకి వచ్చి, నేను కడిగి బోర్లించిన గ్లాసు తీసింది. లైటుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పింది. అరవై అంటే చాలని ఎదురుచూశాను. ఆవిడ గ్లాసు నా చేతికిచ్చింది.

"ఇది శుభ్రంగానే ఉందా, అమ్మాయ్?"